పెద్దలను దోచాడు, పేదలకు పంచలేదు: ఇంగ్లండ్ దారిదొంగ హీరో ఎలా అయ్యాడు?

క్లుప్తంగా: 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో గుర్రం మీద వచ్చి బగ్గీలను అటకాయించిన దొంగలు ధనవంతులనే ఎంచుకోవడానికి కారణం పేదల మీద ప్రేమ కాదు, నగదు ఉన్నది వాళ్ల దగ్గర కాబట్టి. పోలీసులు లేకపోవడం, బాధితుడే సొంత ఖర్చుతో కేసు నడుపుకోవాల్సి రావడం ఆ దొంగలకు కలిసొచ్చాయి. ఉరిశిక్షలు వాళ్లను ఆపలేకపోయాయి. బ్యాంకు నోట్లు, టోల్ గేట్లు, తుపాకీ కాపలాతో నడిచే టపా బళ్లు ఆపాయి. దారిదొంగలు కనుమరుగవుతున్న కాలంలోనే వాళ్ల కథలకు గిరాకీ మరింత పెరిగింది.

సినిమాలో ఇద్దరు, చరిత్రలో ఇద్దరు

1999లో వచ్చిన ‘ప్లంకెట్ అండ్ మెక్లీన్’ చూసినవాళ్లకు సాధారణంగా వచ్చే అనుమానం, ఇందులో ఎంత నిజం, ఎంత కల్పన అని. జేక్ స్కాట్ దర్శకత్వంలో రాబర్ట్ కార్లైల్, జానీ లీ మిల్లర్ దొంగలుగా, లివ్ టైలర్ ప్రభువుల ఇంటి అమ్మాయిగా నటించిన ఈ సినిమా కథ 1748లో మొదలవుతుంది. ఒకడు చితికిపోయిన మందుల వ్యాపారి. దొంగతనం వాడికి తెలిసిన పని. రెండోవాడికి పెద్దింటి నడతలన్నీ తెలుసు, జేబులో మాత్రం చిల్లిగవ్వ లేదు. విందులకు వెళ్లి ఎవరి దగ్గర ఏముందో చూసిరావడం వీడి వంతు, దారి కాయడం ఇద్దరి వంతు. ఈ పొత్తు మీదే సినిమా అంతా నడుస్తుంది.

ఇద్దరూ నిజంగా ఉన్నవాళ్లే. జేమ్స్ మెక్లీన్ 1724లో ఐర్లండ్‌లోని మొనహన్ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి స్కాట్లండ్ మూలాలున్న పాస్టరు. తండ్రి పోయాక చేతికొచ్చిన ఆస్తిని తగలేసి లండన్ చేరాడు. అక్కడ పెళ్లి చేసుకుని వెల్‌బెక్ స్ట్రీట్‌లో కిరాణా కొట్టు పెట్టాడు. భార్య చనిపోయాక ఆ కొట్టూ పోయింది. మిగిలిన డబ్బుతో ఖరీదైన బట్టలు కుట్టించుకుని, ఆస్తిపరురాలైన అమ్మాయిని పెళ్లాడి స్థిరపడాలని చూశాడు. దివాలా తీసిన మందుల వ్యాపారి విలియం ప్లంకెట్ ఈ నాటకంలో అతని నౌకరు వేషం కట్టాడు. సంబంధం కుదరలేదు, డబ్బు అయిపోయింది. ఆ తర్వాతే ఇద్దరూ పిస్తోళ్లు పట్టుకుని రోడ్డెక్కారు.

మెక్లీన్ కాపురం ఉన్నది సెయింట్ జేమ్స్ స్ట్రీట్‌లో, ప్రభువులు జూదమాడే వైట్స్ క్లబ్బుకు ఎదురుగా. అంటే దోచేవాడూ దోపిడీకి గురయ్యేవాడూ ఒకే పేటలో తిరిగేవారు. సినిమా ఈ విషయాన్ని బాగానే పట్టుకుంది. తప్పించింది ముగింపును. తెర మీద మెక్లీన్ ఉరికంబం దాకా వెళ్లి బతికి బయటపడతాడు. అసలు మెక్లీన్‌ను 1750 అక్టోబర్ 3న లండన్ ఉరితీత స్థలమైన టైబర్న్‌లో ఉరితీశారు. అప్పటికి అతనికి 26 ఏళ్లు. ప్లంకెట్ మాత్రం దొరకలేదు.

వీళ్లకు పేరు తెచ్చిన దోపిడీ 1749 నవంబర్‌లో హైడ్ పార్కులో జరిగింది. ఆ రాత్రి బగ్గీలో ఉన్నది మాజీ ప్రధాని రాబర్ట్ వాల్పోల్ కొడుకు, రచయిత హొరేస్ వాల్పోల్. మెక్లీన్ చేతిలోని పిస్తోలు పొరపాటున పేలి, గుండు వాల్పోల్ కంటి కింద చర్మాన్ని రాసుకుంటూ బండి పైకప్పులోంచి దూసుకుపోయింది. తర్వాత మెక్లీన్ క్షమాపణ కోరుతూ ఉత్తరం రాశాడు. అదే ఉత్తరంలో, డబ్బిస్తే వస్తువులు తిరిగి ఇస్తామని బేరం కూడా పెట్టాడు. ‘జెంటిల్మన్ దొంగ’ అన్న పేరు నిలబడింది ఇలాంటి సంఘటనల మీదే. క్షమాపణను గుర్తుపెట్టుకున్న జనం బేరాన్ని అంతగా పట్టించుకోలేదు.

1750 జూన్ 26న ఇద్దరూ సాలిస్‌బరీ కోచ్‌ను (ప్రయాణికుల గుర్రబ్బండిని), అదే రోజు హౌన్స్‌లో మైదానంలో లార్డ్ ఎగ్లింటన్ బండిని దోచారు. పట్టుబడింది దారిలో కాదు, దోచిన సరుకు అమ్మే చోట. కోచ్ ప్రయాణికుడు పోయిన బట్టల వివరాలు పత్రికలో ప్రకటన ఇచ్చాడు. మెక్లీన్ ఒక కోటుకున్న లేసును ఊడదీసి అమ్మబోయాడు. ఆ లేసును మొదట అమ్మిన దుకాణానికే తీసుకెళ్లాడని చెబుతారు. జరీ లేసు ఆనాడు అంత ఖరీదైన సరుకు కాబట్టే ఎవరు ఎవరికి అమ్మారో దుకాణదారుకు గుర్తుండేది.

ధనవంతులే ఎందుకు?

ఆ రోజుల్లో ప్రయాణమంటే నగదు వెంట పెట్టుకుని వెళ్లడమే. ఇంగ్లండ్‌కు వచ్చిన కొత్తలో, అంటే 1750 ప్రాంతంలో, లండన్ బయట పన్నెండు బ్యాంకు దుకాణాలు కూడా లేవని రాజకీయవేత్త ఎడ్మండ్ బర్క్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. బాత్ పట్టణంలో నెల రోజులు గడపాలన్నా, ఊళ్లో కౌలు వసూలు చేసుకుని లండన్ రావాలన్నా బంగారు గినీలు మోసుకుపోవాల్సిందే. 1717 నుంచి గినీ విలువ 21 షిల్లింగులు, అంటే పౌండు కంటే ఒక షిల్లింగు ఎక్కువ. గినీ మీద యజమాని పేరు ఉండదు, ఒకసారి చేయి మారితే అది ఎవరిదో తేల్చే దారే లేదు. గడియారం, ఉంగరం, ముక్కుపొడి డబ్బా దొంగను పట్టిస్తాయి. గినీ పట్టివ్వదు.

రెండో కారణం నేల. లండన్‌లోకి వచ్చే పెద్ద రోడ్లన్నీ ఏదో ఒక బీడు మైదానం దాటి రావాల్సిందే. పడమరన హౌన్స్‌లో, ఉత్తరాన ఫించ్లీ, ఆగ్నేయాన బ్లాక్‌హీత్, షూటర్స్ హిల్. వీటిలో హౌన్స్‌లో మరీ పేరుమోసింది. బాత్‌కూ ఎక్సెటర్‌కూ వెళ్లే దారులు అక్కడే చీలతాయి, విండ్సర్ కోటకు రాకపోకలూ అటునుంచే. వానాకాలం బురదలో నాలుగు గుర్రాల బండి కూడా నడక వేగంతోనే కదిలేది. ఒంటరి రౌతు బండిని ఆపి, దోచుకుని, పొదల్లోకి మాయమవ్వడానికి పది నిమిషాలు పట్టదు.

గుర్రం ఇక్కడ హోదాకు కూడా గుర్తు. కాలినడకన దోచేవాణ్ణి ‘ఫుట్‌ప్యాడ్’ అనేవారు. తప్పించుకునే సాధనం లేదు గనుక వాడు ముందే కొట్టేవాడు, బాధితుడు లేచి అరవకుండా చూసుకునేవాడు. రౌతు దొంగకు ఆ అవసరం తక్కువ. చట్టం ముందు ఇద్దరిదీ ఒకే నేరం, ఒకే శిక్ష. జనం దృష్టిలో మాత్రం ఒకడు రౌడీ, ఇంకొకడు సాహసికుడు. ఈ తేడా చాలావరకు గుర్రం తెచ్చిపెట్టిందే.

ధనవంతులనే దోచారన్న మాటను కూడా పూర్తిగా నమ్మనక్కర్లేదు. సంతలో సరుకు అమ్ముకుని వస్తున్న రైతులు, పశువుల బేరగాళ్లు, చిన్న వర్తకులు కూడా దోపిడీకి గురయ్యారు. టైబర్న్‌లో చివరిసారి ఉరి వేసింది 1783 నవంబర్ 3న జాన్ ఆస్టిన్ అనే దారిదోపిడీ దొంగకు. అతను గాయపరిచి దోచింది కెంట్ నుంచి వచ్చిన ఒక పేద కూలీని. ఆస్టిన్ మీద సినిమాలు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మర్యాద వెనక లెక్క

టోపీ తీసి నమస్కరించడం, ఆడవాళ్ల ఒంటి మీద చేయి వేయకపోవడం, దారి ఖర్చులకు కొంత వదిలెయ్యడం వంటివన్నీ పూర్తిగా కల్పన కాదు. బాధితులు అలా చెప్పిన సందర్భాలు ఉన్నాయి. అయితే అది గుణం వల్లా, అవసరం వల్లా అన్నది వేరే ప్రశ్న.

ఆనాటి ఇంగ్లండ్‌లో కేసు పెట్టాల్సింది రాజ్యం కాదు, బాధితుడు. దొంగను వెతకడం, సాక్షులను కోర్టుకు తేవడం, గుమాస్తాల ఫీజులు, రోజుల తరబడి లండన్‌లో మకాం, అన్నీ అతని నెత్తినే. దారిదోపిడీకి శిక్ష ఉరి కాబట్టి, కేసు గెలిస్తే ఒక మనిషి ప్రాణం తీయించినట్టు. అయిదు గినీలు, ఒక గడియారం పోయిన మనిషికి ఇంత తలనొప్పి అక్కర్లేదు అనిపించేది. అతను దెబ్బలు తిని ఉంటే, భార్యకు అవమానం జరిగి ఉంటే లెక్క మారిపోయేది. దొంగ చూపిన మర్యాదకు ఫలం ఇక్కడే దక్కేది, బాధితుడికి కోపం తగ్గితే కేసు పడే అవకాశమూ తగ్గేది. వాల్పోల్ విషయంలో జరిగింది ఇదే. మెక్లీన్ దొరికాక కూడా అతను సాక్ష్యం చెప్పడానికి వెళ్లలేదు. అందుకు వీధి పాటల్లో తనను మెచ్చుకున్నారని సరదాగా రాసుకున్నాడు కూడా.

ఇంకో పాత ఏర్పాటు కూడా దీనికి తోడైంది. 1285 నాటి వించెస్టర్ శాసనం ప్రకారం పగటిపూట రోడ్డు మీద దోపిడీ జరిగి దొంగ దొరక్కపోతే, ఆ చుట్టుపక్కల పరగణావాళ్లు బాధితుడికి నష్టం కట్టివ్వాలి. 18వ శతాబ్దంలోనూ ఇది అమల్లోనే ఉంది. చీకటి పడ్డాక జరిగిన దోపిడీకి ఇది వర్తించదు. సూర్యాస్తమయంలోపు సత్రం చేరాలన్న ప్రయాణికుల తొందరకు భయం ఒక్కటే కారణం కాదన్నమాట.

పట్టుకునేవాళ్లు ఎవరు?

పేటకో అవైతనిక కానిస్టేబుల్, రాత్రి గస్తీ తిరిగే ముసలి కాపలాదారు. లండన్ రక్షణ వ్యవస్థ దాదాపు ఇంతే. పేట సరిహద్దు దాటితే వాళ్ల బాధ్యత ఉండదు. ఈ ఖాళీని పూడ్చడానికి పార్లమెంటు డబ్బు ఎర వేసింది. 1692 నాటి చట్టం దారిదోపిడీ దొంగను పట్టించి శిక్ష పడేలా చేసినవారికి 40 పౌండ్ల బహుమతి ప్రకటించింది. దొంగ గుర్రం, ఆయుధాలు కూడా పట్టుకున్నవారికే. లండన్ కూలీకి అది ఏడాది సంపాదన కంటే ఎక్కువ. 1720 నుంచి కొన్ని కాలాల్లో, లండన్ పరిసరాల్లో జరిగిన దోపిడీలకు దీనిమీద మరో 100 పౌండ్లు కలిపారు.

ఇంత డబ్బు పోసేసరికి దొంగలను పట్టుకోవడమే ఒక వ్యాపారం అయింది. జోనథన్ వైల్డ్ తనకు తానే ‘థీఫ్ టేకర్ జనరల్’ అని బిరుదు ఇచ్చుకున్నాడు. ఒక చేత్తో దొంగల ముఠాలను నడిపి, పోయిన సొత్తును యజమానులకు కమిషన్ మీద తిరిగి ఇప్పించేవాడు. మాట వినని దొంగలను కోర్టుకు అప్పగించి 40 పౌండ్లు తీసుకునేవాడు. 1725 మే 24న అతన్నే ఉరితీశారు. సినిమాలో కనిపించే క్రూరుడైన దొంగల వేటగాడికి పెట్టిన పదవి వైల్డ్ నుంచి తెచ్చుకున్నదే. కాకపోతే కథాకాలానికి వైల్డ్ చనిపోయి 20 ఏళ్లు దాటింది.

వైల్డ్‌తో ఆ వ్యాపారం ఆగలేదు. 1754లో మెక్‌డానియల్ ముఠా బయటపడింది. కుర్రాళ్లను ప్రోత్సహించి దోపిడీ చేయించడం, వెంటనే వాళ్లను పట్టించి బహుమతి పంచుకోవడం వీళ్ల పని. దోపిడీకి గురైనవాడు, పట్టుకున్నవాడు, దొంగసొత్తు కొన్నవాడు అందరూ ఒకే ముఠావాళ్లు. నిజంగా దోచింది, ఉరికి వెళ్లింది మాత్రం అమాయకులైన కుర్రాళ్లు. సినిమాలో చూపిన అవినీతి అతిశయోక్తి అనుకునేవారు ఈ కేసు గురించి చదివితే, అది తక్కువే చూపిందని ఒప్పుకుంటారు.

సరిగ్గా ఇదే కాలంలో నేరాలు పెరిగాయి. ఆస్ట్రియా వారసత్వ యుద్ధం 1748లో ముగిసి, పదుల వేల మంది సైనికులు, నావికులు పని లేకుండా ఇంటిముఖం పట్టారు. ఆయుధం పట్టడం తెలిసినవాళ్లు, కూలి పని దొరకనివాళ్లు. నేరం పెరగడానికి యుద్ధ విరమణకు మించిన కారణం లేదని చెప్పలేం గానీ, ఆ శతాబ్దంలో ప్రతి పెద్ద యుద్ధం తర్వాతా కోర్టుల్లో దోపిడీ కేసులు పెరగడం కనిపిస్తుంది. సినిమా తన కథకు 1748ని ఎంచుకోవడం కాకతాళీయమే కావచ్చు, ఆ ఏడాది మాత్రం కథకు సరిగ్గా సరిపోయింది.

మేజిస్ట్రేటుగా ఉన్న నవలాకారుడు హెన్రీ ఫీల్డింగ్ 1749లో బో స్ట్రీట్ కార్యాలయం నుంచి అరడజను మంది నమ్మకస్తులతో ఒక దళాన్ని మొదలుపెట్టాడు. వీళ్లనే తర్వాత ‘బో స్ట్రీట్ రన్నర్స్’ అన్నారు. ముఠాలను అణచడానికి ఆయన ప్రభుత్వాన్ని అడిగింది 600 పౌండ్లు. ఆయన తమ్ముడు జాన్ ఫీల్డింగ్ 1763లో రోడ్ల మీద గుర్రపు గస్తీ పెట్టించాడు. దోపిడీలు తగ్గాయి. తగ్గాయి కదా అని ప్రభుత్వం మరుసటి ఏడాదే నిధులు ఆపేసింది, దోపిడీలు మళ్లీ పెరిగాయి. గస్తీ శాశ్వతంగా వచ్చింది 1805లో. అంటే పనిచేస్తుందని రుజువైన ఏర్పాటుకు 40 ఏళ్లు ఖర్చు పెట్టలేదు. దొంగకు 40 పౌండ్ల వెల కట్టడానికి వెనకాడని ఖజానా, నెలజీతం ఇచ్చి నలుగురు రౌతులను పోషించడానికి వెనకాడింది. శాశ్వత పోలీసు బలమంటే రాజు చేతికి కొత్త ఆయుధం ఇచ్చినట్టే అన్న భయం కూడా ఇందులో ఉంది. ఫ్రాన్సు తరహా పోలీసులు మాకొద్దు అనే మాట ఆనాటి ఇంగ్లిష్ రాజకీయాల్లో బలంగా వినిపించేది.

ఉరి ఆపలేదు. మరి ఏది ఆపింది?

1688 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో మరణశిక్ష పడే నేరాలు 50 దాకా ఉండేవి. 19వ శతాబ్దం మొదలయ్యేసరికి రెండు వందలు దాటాయి. శిక్ష ఇంత కఠినమైనా దోపిడీ ఆగలేదు. దొరికే అవకాశం తక్కువగా ఉన్నప్పుడు శిక్ష ఎంత పెద్దదైనా అది భయపెట్టదు. పైగా శిక్ష మరీ పెద్దదైతే బాధితులు ఫిర్యాదు చేయరు, జ్యూరీలు దోషి అనడానికి సంకోచిస్తాయి. దొంగకు వీటన్నిటివల్లా లాభమే.

దారిదొంగ వృత్తిని దెబ్బతీసిన మార్పులు అతన్ని దృష్టిలో పెట్టుకుని వచ్చినవి కావు. మొదటిది డబ్బు రూపం మారడం. దేశంలో ఊరూరా బ్యాంకులు తెరుచుకున్నాయి, 1790ల నాటికి నాలుగు వందల దాకా అయ్యాయి. నోటు మీద నంబరు ఉంటుంది. పోయిన నోటు నంబరు పత్రికలో వేస్తే దాన్ని మార్చుకోబోయినవాడు ఇరుక్కుంటాడు. పెద్ద నోట్లను సగానికి కత్తిరించి, రెండు ముక్కలను వేర్వేరు టపాల్లో పంపే అలవాటు కూడా వచ్చింది. ఒక ముక్క దోచుకున్నవాడికి దక్కేది కాగితమే. దోచిన సొత్తును డబ్బుగా మార్చుకోవడం దొంగకు ఎప్పుడూ కష్టమైన ఘట్టమే, మెక్లీన్ దొరికింది అక్కడే. ఇప్పుడు డబ్బును డబ్బుగా మార్చుకోవడమూ అంతే కష్టమైంది.

రెండోది రోడ్డు. 1750, 60లలో టర్న్‌పైక్ ట్రస్టులు దేశమంతా విస్తరించాయి. రోడ్డు బాగుచేసి, గేటు పెట్టి, సుంకం వసూలు చేయడం వాటి పని. గేటు దగ్గర మనిషి ఉంటాడు, వచ్చిపోయే రౌతును చూస్తాడు, చీకట్లో దౌడు తీస్తున్న గుర్రాన్ని గుర్తుపెట్టుకుంటాడు. రోడ్డు బాగుపడ్డాక బళ్ల వేగమూ పెరిగింది, రద్దీ పెరిగింది, ఒంటరి బండి అరుదైపోయింది.

మూడోది టపా. అప్పటిదాకా ఉత్తరాల సంచిని మోసేది గుర్రమెక్కిన ఒంటరి కుర్రాడు. 1784 ఆగస్టు 2న జాన్ పామర్ పథకం ప్రకారం బ్రిస్టల్ నుంచి లండన్‌కు మొదటి మెయిల్ కోచ్ బయల్దేరి 16 గంటల్లో చేరింది. వెనక నిలబడే గార్డు దగ్గర వెడల్పు మూతి తుపాకీ, పిస్తోళ్లు ఉండేవి. గుర్రాలు మార్చడానికి, టపా పనికి తప్ప ఆ బండి ఆగదు, టోల్ గేట్లు కూడా దాని బూరా వినగానే తెరుచుకోవాలి.

చివరికి ఆ బీడు మైదానాలే మాయమయ్యాయి. 19వ శతాబ్దం తొలి దశకాల్లో హౌన్స్‌లో, ఫించ్లీ లాంటి భూములకు కంచెలు పడి పొలాలయ్యాయి, లండన్ వాటి మీదకు పాకింది. 1829లో మెట్రోపాలిటన్ పోలీసు వచ్చేనాటికి వాళ్లకు పట్టుకోవడానికి దారిదొంగలు పెద్దగా మిగల్లేదు. గుర్రం మీద వచ్చి చేసిన చివరి దోపిడీ 1831లో నమోదైందని చరిత్ర పుస్తకాలు సాధారణంగా రాస్తాయి.

కథ ఎవరు అల్లారు?

దొంగ వృత్తి ఎలా పోయిందో తేలికగానే అర్థమవుతుంది. దొంగకు కీర్తి ఎలా వచ్చిందన్నది అంత సులువు కాదు. కొంతవరకు అది అచ్చు యంత్రం పని. ఉరి రోజున దొంగ జీవితచరిత్ర, చివరి మాటలు కాగితాలుగా అచ్చయి గుంపులో అమ్ముడుపోయేవి. న్యూగేట్ జైలు పురోహితుడికి ఖైదీల ఒప్పుకోళ్లను పుస్తకాలుగా వేసి అమ్ముకునే హక్కు ఉండేది, అతనికి అదొక ఆదాయం. చప్పటి కథ అమ్ముడుపోదు కాబట్టి కథకు ఉప్పూకారం తగిలేది. శిక్ష పడిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం మెక్లీన్‌ను చూడటానికి న్యూగేట్‌కు మూడు వేల మంది వచ్చారని, ఆ ఉక్కకు అతను రెండుసార్లు స్పృహ తప్పాడని వాల్పోల్ రాశాడు. వచ్చినవాళ్లలో గొప్పింటి స్త్రీలు కూడా ఉన్నారు. మరుసటి ఏడాది చిత్రకారుడు హోగార్త్ క్రూరత్వం మీద వేసిన వరుస బొమ్మల్లో, శవపరీక్ష గదిలో వేలాడే ఒక అస్థిపంజరం మీద మెక్లీన్ పేరు కనిపిస్తుంది.

రంగస్థలం కూడా తన వంతు చేసింది. 1728లో జాన్ గే రాసిన ‘బెగ్గర్స్ ఒపెరా’లో హీరో దారిదొంగే. దొంగలూ మంత్రులూ ఒకే తీరు అన్నది దాని వ్యంగ్యం, రాబర్ట్ వాల్పోల్ ప్రభుత్వానికి అది సూటిగా తగిలింది. 1773లో జాన్ ఫీల్డింగ్, ఈ నాటకం ఆడిన ప్రతిసారీ దొంగలు పెరుగుతున్నారంటూ దాన్ని ఆపమని నటుడు గారిక్‌ను కోరాడు. సినిమాలు చూసి కుర్రకారు చెడిపోతున్నారన్న వాదన వయసు ఎంతో దీన్నిబట్టి ఊహించవచ్చు.

కీర్తికీ నిజానికీ మధ్య దూరం ఎక్కువ ఉన్నది డిక్ టర్పిన్ విషయంలో. ఎసెక్స్‌కు చెందిన ఈ కసాయి, ముఠాతో కలిసి పల్లె ఇళ్ల మీద పడి, డబ్బు ఎక్కడుందో చెప్పమని వృద్ధులను హింసించినవాడు. 1739 ఏప్రిల్ 7న యార్క్‌లో ఉరిపడింది గుర్రాల దొంగతనానికి. మారుపేరుతో బతుకుతున్న అతన్ని పట్టించింది జైలు నుంచి రాసిన ఉత్తరం మీది చేతిరాత, దాన్ని గుర్తుపట్టింది చిన్నప్పటి పంతులు. నల్ల గుర్రం మీద ఒక్క బిగిన లండన్ నుంచి యార్క్‌కు దౌడు తీశాడన్న కథ అంతకుముందు నెవిసన్ అనే మరో దొంగ పేరు మీద ఉండేది. 1834లో వచ్చిన ఒక నవల దాన్ని టర్పిన్‌కు అంటగట్టి ఇంటింటికీ చేర్చింది. అంటే చివరి దోపిడీ జరిగి మూడేళ్లయ్యాక. రోడ్డు మీద భయం లేకపోయాకే పాఠకుడు నిశ్చింతగా దొంగ పక్షం వహించగలిగాడు.

1999 సినిమా ఈ సంప్రదాయానికి వారసురాలే, ఒక్క విషయంలో మాత్రం దానికంటే నిజాయితీగా ఉంది. దొంగలు పేదలకు పంచుతున్నట్టు నటించలేదు. దోచింది తాగడానికి, జూదానికి, వేషానికి, సముద్రం దాటి పోవాలన్న ఆశకు ఖర్చవుతుంది. అసలు మెక్లీన్ చేసిందీ దాదాపు అదే. ఆ నిజాయితీ బాక్సాఫీసు దగ్గర అక్కరకు రాలేదు, అమెరికాలో అయిదు లక్షల డాలర్లు కూడా వసూలు కాలేదు. విందు సన్నివేశంలో ఆధునిక డాన్స్ సంగీతం వాడటం చరిత్ర ఇష్టపడేవారికి చిరాకు తెప్పించింది, యాక్షన్ కోరినవారికి బురద, రోగం, చీకటి ఎక్కువయ్యాయి. దర్శకుడు మ్యూజిక్ వీడియోల నుంచి వచ్చినవాడని ప్రతి ఫ్రేములో తెలుస్తుంది, కథ నడకలో అంత శ్రద్ధ కనిపించదు. సినిమా మరుగున పడినా పనితనం వృథా కాలేదు. రచయితలు నీల్ పర్విస్, రాబర్ట్ వేడ్‌లకు దీని తర్వాత జేమ్స్ బాండ్ సినిమాలు దక్కాయి. క్రెయిగ్ ఆర్మ్‌స్ట్రాంగ్ నేపథ్య సంగీతంలోని ‘ఎస్కేప్’ ఎన్నో వేరే సినిమాల ట్రైలర్లలో వినిపించింది.

మన బందిపోటుకూ ఆ దొంగకూ తేడా

తెలుగు ప్రేక్షకుడికి ఈ సినిమాలో ఏదో లోటు అనిపిస్తే అందుకు కారణం ఉంది. 1963లో ఎన్టీఆర్ నటించిన ‘బందిపోటు’ నాటి నుంచి మన తెర మీద ముసుగు దొంగ దోచిందల్లా జనానికి చేరాలి, అతనికి ఒక అన్యాయపు పాలకుడు శత్రువుగా ఉండాలి. పాలమూరు జానపదుల నోట నిలిచిన పండుగ సాయన్న కూడా దొరలను కొట్టి పేదలకు పెట్టినవాడే. చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ ఇలాంటివాళ్లను ‘సామాజిక బందిపోట్లు’ అన్నాడు. వీళ్లకు ఒక ఊరు ఉంటుంది, దాచే చేతులు, అన్నం పెట్టే ఇళ్లు ఉంటాయి. ఆ ఊరి దయ లేకపోతే ఒక్క రాత్రి గడవదు. పంచిపెట్టడం వాళ్లకు దాతృత్వమూ అవుతుంది, రక్షణా అవుతుంది.

మెక్లీన్‌కు అలాంటి ఊరు లేదు. దోపిడీ తర్వాత అతను దాక్కున్నది అడవిలో కాదు, లండన్ జనసమ్మర్దంలో, మంచి బట్టల మాటున. అతన్ని కాపాడింది ఊరివాళ్ల విశ్వాసం కాదు, ఇంటివాళ్లకు సకాలంలో ముట్టిన అద్దె. దోచిన గినీలో వాటా అడిగే పేదవాడు అతని కథలో ఎక్కడా ఎదురుపడడు. కాబట్టి పంచకపోవడం పాత్రలోని లోపం అనలేం, అది ఆ వృత్తి ఉన్న తీరు. రెండు రకాల దొంగలనూ ‘రాబిన్‌హుడ్’ అనే ఒకే ముద్ర కింద కలిపేయడం వల్లే ప్రేక్షకుల్లో గందరగోళం పుడుతోంది.

ఇంగ్లండ్ నవలలు దారిదొంగకు పట్టం కట్టిన ఆ దశకంలోనే, భారత్‌లో కంపెనీ ప్రభుత్వం వేరే దారి పట్టింది. టర్పిన్ దౌడు కథ అచ్చయిన రెండేళ్లకు, 1836లో, థగ్గుల (ప్రయాణికులను నమ్మించి చంపి దోచేవాళ్ల) ముఠాలో సభ్యుడని రుజువైతే చాలు, ఫలానా నేరం చేశాడని చూపనక్కర్లేకుండానే యావజ్జీవ శిక్ష వేసే చట్టం వచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం ఇంకో అడుగు వేసి, పుట్టుకనే నేరానికి ఆధారం చేసింది. 1911 సవరణ చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. బాపట్ల దగ్గర ఎరుకలవారి కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం సెటిల్‌మెంట్ ఆ చట్టం నీడలో ఏర్పడిందే. అక్కడివాళ్లు హాజరు వేయించుకోకుండా ఊరు దాటడానికి లేదు. టైబర్న్ నుంచి వచ్చిన ‘జెంటిల్మన్ దొంగ’ మాట వ్యక్తికి దక్కిన బిరుదు, స్టువర్టుపురం ‘దొంగ’ మాట మాత్రం పసిపిల్లలతో సహా ఊరంతటికీ వేసిన ముద్ర. ఆ కేంద్ర చట్టం రద్దయింది 1952లో. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చినప్పుడు కూడా చర్చ ఒక దొంగ సాహసం దగ్గర ఆగలేదు, ఊరి పేరును తెర మీద ఎలా చూపించారన్న దాని మీదకు మళ్లింది.